గేదె ఒప్పుకోవాలి

హైదరాబాదులో కొత్తగా కాపరం పెట్టిన మా మేనల్లుడు పోయిన ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో అయిదు ఫొటోలు పంపాడు. అయిదూ కాఫీ మిషన్లే. ఒకటి గాజు కూజా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒకటి ఎనిమిది పలకల అల్యూమినియం చెంబు. ఒకటి అచ్చం బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే మిషనులా ఉంది. కింద ఒక్క ముక్క: "మావయ్యా, పదివేల దాకా పెడదామనుకుంటున్నాం. ఏది తీసుకోమంటావు?"

మా ఆవిడ ఫోనులోకి తొంగి చూసి నవ్వింది. వీరులపాడులో కూర్చున్నవాణ్ణి హైదరాబాదువాడు కాఫీ మిషను గురించి అడగడం, ఆమె లెక్కలో, నందిగామవాణ్ణి ఓడల గురించి అడగడం లాంటిది. నిజమే, మా మెట్టలో టీదే రాజ్యం. పత్తి తీతకు పోయేవాళ్ళూ మిరపకోతకు పోయేవాళ్ళూ తెల్లారగట్ల తాగి బయల్దేరేది టీయే. కొట్టులో కాఫీ అడిగితే చిన్న పాకెట్టు చింపి వేడి పాలలో వేసి, గ్లాసులోంచి గ్లాసులోకి నాలుగుసార్లు తిరగబోసి ఇస్తారు. అయినా వాడు నన్నే అడగడానికి కారణం ఉంది. చుట్టాలందరిలోకీ కాఫీ మిషన్లతో ఎక్కువ దెబ్బలు తిన్నవాణ్ణి నేను. రుజువులు అటక మీద ఉన్నాయి.

ఏదీ తేల్చకుండా తిరిగి అడిగాను: "ఏం పాలు పోయించుకుంటున్నారు?"

నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. వెటకారం అనుకున్నాడేమో. కాదు. బోలెడు డబ్బూ కొన్నేళ్ళూ పోసి నేను నేర్చుకున్నది ఆ ఒక్క ప్రశ్నే.

మాది గేదె పాడి. పాలకేంద్రంలో వెన్న శాతం చూసి డబ్బు కడతారు కాబట్టి మా గేదె సంగతి నాకు అంకెలతో సహా తెలుసు. ఆరుకు తగ్గదు. ఈత చివరికొచ్చి పాలు తగ్గేకొద్దీ ఏడు దాటుతుంది. పట్నంలో పాకెట్టు పాలయితే టోన్డ్‌లో వెన్న 3 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6. మూడు శాతం పాలలో ఏ నల్లనీళ్ళు పోసినా కాఫీ అనిపిస్తాయి. మా పాలు అలా ఊరుకోవు. సున్నం కొట్టిన గోడ మీద పల్చటి రంగు వేస్తే ఏమవుతుందో అదే అవుతుంది.

ఇది నాకు తెలిసొచ్చింది ఆరేళ్ళ కిందట. మా పెద్దమ్మాయి డాలస్ నుంచి వస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి ఒక డ్రిప్ మిషను తెచ్చింది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా ప్లగ్గు పెడితే కాఫీ బదులు పొగ వస్తుంది. విజయవాడ వెళ్ళి ట్రాన్స్‌ఫార్మరు కొన్నాను. మిషను 900 వాట్లది కాబట్టి దానికి తగ్గ దిట్టమైనదే ఉండాలన్నాడు కొట్టతను. మిషను కంటే ఇదే బరువు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వస్తే కంచికచర్ల చేరేసరికి తొడలు తిమ్మిరెక్కాయి.

మిషనులో వంకపెట్టేదేం లేదు. వెనక తొట్టెలో నీళ్ళు వేడెక్కి గొట్టంలోంచి పైకెక్కి, కాగితపు గరాటులో ఉన్న పొడి మీద చినుకుల్లా పడతాయి. ఆ కాగితపు వడపోత కనిపెట్టింది జర్మనీలో, డ్రెస్డెన్‌లో, మెలిటా బెంట్జ్ అనే గృహిణి. 1908లో కొడుకు నోటుపుస్తకంలోని సిరా అద్దుడు కాగితంతో మొదలుపెట్టిందట. కాగితం పొడిలోని నూనెనూ నలకనూ ఆపేస్తుంది. కింద కూజాలోకి తేటగా, అడుగు కనిపించేలా దిగుతుంది. మా అమ్మాయి కప్పులో పోసుకుని అలాగే తాగింది. నేను సగం గ్లాసు మా పాలలో పోశాను. ఇంకా కొంచెం పోశాను. గేదె గెలిచింది. చూస్తే పాలు, తాగితే పాలు, పేరుకు కాఫీ. పొడి రెట్టింపు చేస్తే చేదు పెరిగింది గానీ చిక్కదనం రాలేదు. నెల తిరక్కుండా కాగితాలూ అయిపోయాయి. నందిగామలో వాటి పేరే ఎవరూ వినలేదు. మా ఆవిడ పాత పంచె చింపి గరాటులో పరిచింది.

ఆ పంచెముక్క చూసినప్పుడే నాకు మా బాబాయి పెళ్ళి గుర్తొచ్చింది. అప్పట్లో విడిదింట్లో కాఫీ అందకపోతే మగపెళ్ళివారు అలిగే రోజులు. వంటాయన తెల్లారకముందే గుండిగ మూతికి కొత్త గుడ్డ వాసెన కట్టి, గుప్పిళ్ళతో పొడి పోసి, దాని మీద సలసలా కాగే నీళ్ళు చెంబుతో తిప్పుతూ పోసేవాడు. ఖరీదు గజం గుడ్డ. మూడొందల మంది తాగారు.

నలుగురున్న ఇంటికి మాత్రం ఫిల్టరుకు సాటి లేదు. రెండు గిన్నెలు, ఒక గొడుగు బిళ్ళ, ఒక మూత. తిరిగే భాగం లేదు, కాలే తీగ లేదు, కరెంటు పోతే తెలియను కూడా తెలియదు. అసలు కిటుకు నిదానంలో ఉంది. పొడి మీద పోసిన నీళ్ళు దాన్ని నానబెట్టి, సారమంతా లాక్కుని, బొట్టుబొట్టుగా కిందికి దిగుతాయి. ఆ చిక్కటి డికాషన్ రెండు మూడు చెంచాలు పడితే మా గేదె పాలు కూడా రంగు మారతాయి.

అయితే ఫిల్టరు కొనడం అందరూ అనుకున్నంత తేలిక కాదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మొదటిది సైజు. "చుట్టాలొస్తే?" అని పెద్దది కొంటారు. ఇద్దరికి కావలసిన మూడు చెంచాల పొడి ఆ పెద్ద గిన్నె అడుగున పల్చటి పొరలా పరుచుకుంటుంది. నీళ్ళు దానిమీంచి ఇలా పడి అలా జారిపోతాయి. పై గిన్నె సగానికైనా పొడి నిండాలి, అప్పుడే డికాషన్. అందుకని రోజువారీకి చిన్నది, పండగలకు పెద్దది, రెండు ఉండటం మేలు. రెండూ కలిపినా వెయ్యి కాదు.

రెండోది బెజ్జాలు. కొట్టులోనే పై గిన్నెను వెలుతురుకేసి పట్టుకుని చూడాలి. అన్నీ ఒకే తీరున, సన్నగా, సూది మొనల్లా మెరవాలి. అక్కడక్కడా పెద్దవి కనిపిస్తే మడ్డి దిగుతుంది. కొన్ని పూడుకుని ఉంటే అసలేదీ దిగదు. మూడోది, పై గిన్నె కింది గిన్నెలో కూర్చునే తీరు. మరీ బిగుతుగా ఉంటే కింద గాలి బయటికి పోయే దారి లేక డికాషన్ ఆగిపోతుంది. వేడికి రెండూ కరుచుకుని పొద్దున్నే ఇంటిల్లిపాదీ లాగినా ఊడవు. బీసెంట్ రోడ్డులో ఒక కొట్టులో నేను ఇలా గిన్నెలు ఊడదీసి పెడుతూ, ఎత్తి చూస్తూ ఉంటే అక్కడి కుర్రాడు, "టెలిస్కోపు కాదు సార్, ఫిల్టరు" అన్నాడు.

ఇంటికి తెచ్చాక కూడా దాని అలకలు దానికుంటాయి. గొడుగు బిళ్ళతో పొడిని గట్టిగా అదిమితే రాత్రి పోసిన నీళ్ళు తెల్లారేదాకా పైనే నిలబడి వెక్కిరిస్తాయి. పక్కన చెంచాతో రెండుసార్లు తట్టాలి. అప్పటికీ దిగకపోతే పై గిన్నెను కాస్త ఎత్తి మళ్ళీ పెట్టాలి. నెలకోసారి ఖాళీ గిన్నె అడుగును గ్యాసు మంట మీద చూపిస్తే బెజ్జాల్లో ఇరుక్కున్న పొడి చిటపటమని కాలి రాలిపోతుంది. మా ఆవిడ ఈ పని చేసే రోజున వంటింట్లో కాఫీ గింజలు వేయించిన వాసన. నాకు కాఫీ కంటే ఆ వాసనే ఇష్టమేమో కూడా.

నాయనమ్మది ఇత్తడి ఫిల్టరు. దాని బరువుకు వేడి చాలాసేపు నిలిచేది. చింతపండుతో తోమితే బంగారంలా ఉండేది. లోపల కళాయి పోయింది. కళాయి వేసేవాళ్ళు ఊళ్ళోకి రావడం మానేశారు. ఇప్పుడందులో తులసి మొక్క ఉంది.

ఇటలీవాళ్ళ ఎనిమిది పలకల చెంబు, మోకా పాట్ అంటారు, దాన్ని తక్కువ చేయను. 1933లో అల్ఫాన్సో బియాలెట్టి చేయించింది. కింద నీళ్ళు, నడుమ పొడి. ఆవిరి ఒత్తిడికి నీళ్ళు పొడిలోంచి పైకి తన్నుకొస్తాయి. కుక్కరుకు ఉన్నట్టే సేఫ్టీ వాల్వు. అయిదు నిమిషాల్లో నల్లగా, చిక్కగా కాఫీ. దీనికి మా గేదె ఒప్పుకుంది. ఒప్పుకోనిది మా పొయ్యి. చెంబు అడుగు చిన్నది, మా గ్యాసు పొయ్యి కాళ్ళ మధ్య కూర్చోక ఒరుగుతుంది. కింద పాత పెనం వేసుకోవాలి. అల్యూమినియం కాబట్టి ఇండక్షన్ పొయ్యి దాన్ని గుర్తుపట్టదు. లోపలి రబ్బరు వాషరు అరిగితే మళ్ళీ ఆన్‌లైనే గతి.

గాజు కూజాలో పొడీ నీళ్ళూ కలిపి పైనుంచి జల్లెడ నొక్కే ఫ్రెంచ్ ప్రెస్ గురించి రెండే మాటలు. పల్చన. పగులుతుంది.

ఇక నోట్లు లెక్కపెట్టే మిషను. ఎస్ప్రెసో. విజయవాడలో మా తోడల్లుడింట్లో ఉంది. అట్టపెట్టె మీద 15 బార్లు అని పెద్దక్షరాలు. ఎస్ప్రెసో దిగడానికి కావలసిన ఒత్తిడి 9 బార్లే, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి తొమ్మిదింతలు. మిగతా ఆరు ఆ పెట్టె అమ్ముడుపోవడానికి. ఆ ఒత్తిడికి తట్టుకునేలా పొడి మెత్తగా, అప్పటికప్పుడు ఆడినదై ఉండాలి. కాబట్టి గ్రైండరు విడిగా. కొట్లో ఫిల్టరు కోసం ఆడించిన పొడి వేస్తే నీళ్ళు సర్రున దూకేస్తాయి. చికోరీ కలిసిందైతే సన్నటి జల్లెడకు జిగటగా పట్టుకుంటుంది. అంతా సరిపోయినప్పుడు మాత్రం, ఒప్పుకోవాలి, ఆ కాఫీ ముందు నా ఫిల్టరు కొంచెం తలవంచుకోవాలి. తోడల్లుడికి అంతా సరిపోయేది నెలకు రెండుసార్లు.

మా వైపు దీనికి ఇంకో శత్రువుంది. జగ్గయ్యపేట చుట్టూ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు, నేల కింద సున్నపురాయి ఉంది కాబట్టి వచ్చాయి. మా బోరు నీళ్ళు కాచిన గిన్నెకు వారం తిరిగేసరికి తెల్లటి చెక్కు కడుతుంది. గిన్నెనయితే పీచుతో తోమొచ్చు. మిషను పేగుల్లో కట్టిన చెక్కును ఎవరు తోముతారు? అప్పుడప్పుడూ నిమ్మ ఉప్పు నీళ్ళు పోసి నడిపించాలి, లేదా ప్లాంటు నుంచి తెచ్చే టిన్ను నీళ్ళే వాడాలి. డాలస్ మిషను ఆఖరి రోజుల్లో మూలిగింది ఇందుకే.

పదివేలు అన్నాడు వాడు. ఖర్చు మిషనులో లేదు, పొడిలో ఉంది. మా ఇంట్లో నెలకు కిలో పొడి అవుతుంది. బ్రెజిల్‌లో, వియత్నాంలో వానలు ముఖం చాటేసిన పుణ్యాన 2024, 2025లో ధరలు ఎగబాకాయి. మంచి పొడి కిలో ఏడెనిమిది వందలకు చేరింది. ఫిల్టరు ఖరీదు పదిహేను రోజుల పొడి ఖరీదుకు మించదు. గొట్టాలూ బిళ్ళలూ వేసి మీట నొక్కే కాప్స్యూల్ మిషన్లకు ఈ లెక్క మరీ తిరగబడుతుంది. మిషను చవగ్గా ఇచ్చి, కప్పు కప్పుకీ వసూలు చేసుకుంటారు.

పొడి కొనేటప్పుడు పాకెట్టు వెనక అచ్చు చదవాలి. చికోరీ కలిపినదయితే అందులో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని చట్టం. 53, 47 అని ఉంటే సగం డబ్బు చికోరీ వేరుకు పెట్టినట్టు. ఎనభై ఇరవై మా ఇంటి ఒప్పందం. మన రాష్ట్రపుదనే అభిమానంతో 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికా తెప్పించాను. చికోరీ లేనిది. విడిగా నల్లగా తాగితే కమ్మగా ఉంది. మా పాలలో పోస్తే ఆ సున్నితమంతా మీగడ కింద మునిగిపోయింది. తప్పు అరకుది కాదు.

ఇన్‌స్టంట్ తాగేవాళ్ళను చూసి ముఖం చిట్లించేవాళ్ళలో నేను లేను. కృష్ణ దాటి గుంటూరు జిల్లా దుగ్గిరాల వెళితే, కాఫీ చెట్టన్నదే లేని ఆ పసుపు నేలలో, సీసీఎల్ వాళ్ళ ఫ్యాక్టరీ దేశదేశాలకు ఇన్‌స్టంట్ కాఫీ తయారుచేసి పంపుతోంది. ఎనిమిదింటికి బస్సు అందుకోవాల్సినవాడికి ఫిల్టరు మహత్యం చెప్పడం పాపం.

ఇదంతా రాత్రికి ఫోనులో చెబుదామని వరస పెట్టుకున్నాను. ఇద్దరే కాబట్టి చిన్న ఫిల్టరు, టోన్డ్ పాలయితే డెబ్భై ముప్ఫై పొడి అక్కర్లేదు, మోకా కూడా చూడొచ్చు, పొయ్యి ఏదో కనుక్కోవాలి. ఎనిమిదింటికి జవాబొచ్చింది.

"పాలెందుకు మావయ్యా? నేను టీయే కదా. కాఫీ తనకి. తను పాలు పోసుకోదు, పంచదారా వేసుకోదు. ఉత్త డికాషనే, అదీ పల్చగా."

మా ఆవిడకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. వెళ్ళి స్టూలు తెచ్చి అటక కింద వేసింది. డాలస్ మిషను దిగింది. దుమ్ము తప్ప గాజు కూజాకు గీత కూడా పడలేదు. నిమ్మ ఉప్పు నీళ్ళు రెండుసార్లు నడిపిస్తే మూలుగు తగ్గింది. కాగితాలు హైదరాబాదులో దొరుకుతాయట. ట్రాన్స్‌ఫార్మరు దింపడానికి మాత్రం పక్కింటి అబ్బాయిని పిలిచాం. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్ళమని వాడికి రాశాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే కోదాడ చేరేసరికి తొడలు తిమ్మిరెక్కుతాయన్న సంగతి ఇంకా చెప్పలేదు.