రెండో కాలమ్ ఏదీ?

నాది కామర్సు డిగ్రీ. డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉద్యోగమంతా కూడికలూ తీసివేతలూ, మహా అయితే శాతాలు. రిటైరయ్యాక ఇక్కడ రాయపూర్‌లో పక్కింటి పదో తరగతి అమ్మాయికి లెక్కలు చెప్పడం మొదలుపెడితే మా ఆవిడ నవ్వింది. బీజగణితం నడిచింది. రేఖాగణితం పైథాగరస్ దాకా లాక్కొచ్చాను. (3, 4, 5 అడుగుల కొలతతో మూల సరిచూసే తాపీ మేస్త్రీకి ఆ పేరు తెలియకపోయినా పని తెలుసు. వాస్తు పండితుడి సంగతి మీరే ఆలోచించుకోండి.) సంభావ్యత దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల, "నాణేలూ పాచికలూ తప్ప ఇందులో ఏముంది తాతగారూ?" అంది.

ఉంది. మన వైపు చేతబడి చేస్తుందని ఎవరినంటారో, వాళ్ళని ఇక్కడి పల్లెల్లో టోనహీ అంటారు. పిల్లలు పోయినా పశువులు చచ్చినా ఎవరో ఒక స్త్రీ మీద, చాలాసార్లు దిక్కులేని ముసలమ్మ మీద, ఆ ముద్ర పడుతుంది. తేల్చి చెప్పేవాడు బైగా, అంటే మన భూతవైద్యుడి లాంటివాడు.

మా ఇంట్లో పనిచేసే ఆమె ఊళ్ళో ఒక ముసలమ్మ మీద అలాంటి పుకారు లేచింది. సాక్ష్యం ఏమిటంటే, పసిబిడ్డలు పోయిన 5 ఇళ్ళలో 4 ఇళ్ళకి ఆవిడ వెళ్ళింది. నూటికి 80! వింటే ఎవరికైనా భయమేస్తుంది. నాకు మాత్రం ఒకవైపే నింపిన లెడ్జరు కనిపించింది. బిడ్డలు బతికిన ఇళ్ళ మాటేమిటి అన్నాను. ఎవరూ లెక్కపెట్టలేదు. ఆమెను కూర్చోబెట్టి వీధివీధీ గుర్తు చేయించాను. అలాంటి ఇళ్ళు 35. ముసలమ్మ వెళ్ళినవి 29, నూటికి దాదాపు 83. వెళ్ళదా మరి? ఆవిడ మంత్రసాని!

ఇప్పుడు తిప్పి చూడండి. ఆవిడ వెళ్ళిన 33 ఇళ్ళలో 4 మరణాలు, నూటికి 12. వెళ్ళని 7 ఇళ్ళలో 1, నూటికి 14. ఏడు ఇళ్ళతో ఏదీ రుజువు కాదనుకోండి. ఆ మాటకొస్తే అయిదు మరణాలతోనూ కాదు.

"బైగా పరీక్ష చేసి చెబుతాడు కదా" అంది ఆమె. సరే, మాటవరసకి వాడికి గొప్ప శక్తి ఉందనే ఒప్పుకుందాం. నిజం టోనహీని ఎప్పుడూ వదలడు, అమాయకుల్లో మాత్రం 20 మందికి ఒకరి విషయంలో పొరబడతాడు. ఊళ్ళో ఆడవాళ్ళు 200. నిజం టోనహీలు x అనుకుంటే, వాడికి దొరికేవాళ్ళు x + (200 − x)/20. x ఒకటైతే దాదాపు 11 మంది, అందులో 10 మంది ఏ పాపమూ ఎరగనివాళ్ళు. మరి x సున్నా అయితే? అప్పుడూ 10 మంది దొరుకుతారు! ఊళ్ళో ఒక్క టోనహీ లేకపోయినా బైగా ఉత్తచేతులతో వెళ్ళడన్నమాట. పక్కింటి అమ్మాయి ఈ సమీకరణాన్ని రెండుసార్లు వేసి చూసుకుంది.

2005లో వచ్చిన ఛత్తీస్‌గఢ్ టోనహీ ప్రతాడన నివారణ చట్టం x విలువ అడగదు. ఒక మనిషిని టోనహీ అని వేలెత్తి చూపడమే నేరం, మూడేళ్ళ దాకా జైలు. ఆ నెపంతో హింసిస్తే అయిదేళ్ళ దాకా. చట్టం ఉన్నా, రాయపూర్ కంటి డాక్టరు దినేశ్ మిశ్రా లాంటివాళ్ళు ఊరూరా తిరిగి చెప్పాల్సి వస్తూనే ఉంది.

పనామె ఊరికి వెళుతూ ఆ నాలుగు అంకెలూ చీటీ మీద రాయించుకుంది. లెక్క వినేవాళ్ళు దొరక్కపోతే పనికొస్తుందని, కింద చట్టం పేరు కూడా హిందీలో రాసిచ్చాను.