మునుపటి గొంతు

ఒకసారి మనకు నచ్చిన మనిషి ఇక జన్మలో మారకూడదని మనకొక చిత్రమైన పట్టుదల. మిఠాయి కొట్టువాడు పాకం మార్చితే సహించం. పాట కట్టేవాడు బాణీ మార్చితే అసలే సహించం. లోకో భిన్నరుచిః అని శ్లోకం చదువుతాం గాని, ఒకే మనిషికి రెండు రుచులుండవచ్చునంటే మాత్రం మనకు మనసొప్పదు.

ఇంగ్లండులో గారీ కోబెయిన్, బ్రయన్ డూగన్స్ అని ఇద్దరు సంగీతకారులున్నారు. 'ఫ్యూచర్ సౌండ్ ఆఫ్ లండన్' అని పేరు పెట్టుకున్నారు. రేపటి లండను నాదం అన్నమాట. వాళ్ళ వ్యవహారమంతా యంత్రాలతోనే. శాంప్లర్ అని ఒక పెట్టె ఉంటుంది. ఒక గొంతో, పక్షికూతో, వీధి చప్పుడో చిన్న ముక్క కోసి అందులో వేస్తే, మీటలు నొక్కినకొద్దీ ఆ ముక్కే కావలసిన స్థాయిలో పలుకుతుంది. మా అమ్మమ్మ పాత చీరల ముక్కలతో బొంత కుట్టినట్టు, వీళ్ళు చప్పుళ్ళతో పాట కుట్టారు. 1991లో వచ్చిన 'పాపువా న్యూ గినీ' అనే పాట వాళ్ళకు పేరు తెచ్చింది. అందులో వినిపించే స్త్రీ గొంతు లీసా గెరార్డ్ అనే ఆమెది. అదీ మరో పాటలోంచి కోసి తెచ్చిన ముక్కే. 1994లో 'లైఫ్‌ఫార్మ్స్' వచ్చింది. ఆ రోజుల్లోనే వాళ్ళు వేదిక ఎక్కకుండా, తమ గదిలో కూర్చుని టెలిఫోను తీగల మీదుగా రేడియో స్టేషన్లకు కచేరీలు పంపారు. 1996లో 'డెడ్ సిటీస్' విడుదల చేసి, తర్వాత చాలాకాలం మౌనం వహించారు.

ఆ మధ్యకాలంలో కోబెయిన్ జబ్బు పడ్డాడు. పళ్ళకు పెట్టించుకున్న పూతలోని పాదరసం ఒంటికి పడక విషమయిందట. ఆ తరువాత ఆధ్యాత్మిక చింతన, మన దేశానికి ప్రయాణాలు. 2002లో కొత్త ఆల్బమ్ వచ్చింది. దాని పేరు 'ది ఇజ్‌నెస్'. తెలుగులో చెప్పాలంటే 'ఉండటం'; మన వేదాంతులు 'సత్' అన్నారే, దాని ఛాయ అందులో ఉంది. తీరా వింటే ఏముంది? సితారు, మామూలు గిటారు, తంత్రీవాద్యాలు, మనుషుల పాట! 1960ల నాటి సైకెడెలిక్ సంగీతం, అంటే రంగుల కలలో తేలిపోతున్నట్టుండే ఆ బాణీ, తిరిగి లేచి వచ్చింది. పాటల పేర్లేమో 'గురు సాంగ్', 'ఓషో'!

మా తమ్ముడు అప్పుడు అమెరికాలో చదువుకుంటున్నాడు. వాడికి వీళ్ళంటే వల్లమాలిన అభిమానం. డిస్కు కొని, విని, ఆ రాత్రే నాకు ఫోను చేశాడు.

"అన్నయ్యా, యంత్రం కోసం డబ్బు పోస్తే సన్యాసి దొరికాడు!"

"పాట బాగాలేదా?"

"బాగుందో లేదో తర్వాత. ఇది వాళ్ళది కాదు!"

ఇలా అన్నవాడు మా తమ్ముడొక్కడే కాదు. పాత అభిమానులు చాలామంది కస్సుమన్నారు. కొందరు మాత్రం, ఇన్నాళ్ళకు యంత్రంలోంచి మనిషి బయటికి వచ్చాడని సంతోషించారు.

మా తమ్ముడి కోపంలో కొంత న్యాయం లేకపోలేదు. ఇంగ్లండులో ఆ ఆల్బమ్‌ను 'అమార్ఫస్ ఆండ్రోజినస్' అనే పేరుతో విడుదల చేశారు. 1993లోనే వాళ్ళు వాడిన మారుపేరది. అమెరికాలో మాత్రం పాత పేరే వేసి అమ్మారు. నెయ్యి అని చీటీ అంటించిన సీసాలో నువ్వులనూనె పోసినట్టయింది. నువ్వులనూనె మంచిదే, తప్పల్లా చీటీది. నేననేదేమంటే, కొన్నవాడికి చీటీ మీద హక్కుంది గాని గానుగ మీద హక్కు లేదు. పైగా చెయ్యి మారిందా అంటే, అదీ లేదు. వాద్యగాళ్ళను పిలిచి వాయించి, ఆ వాయింపులను మళ్ళీ యంత్రంలో పేర్చి కూర్చారు. బొంత కుట్టే చెయ్యి అదే. చీరలే వేరు.

ఈ గొడవ నాకెందుకు పట్టిందంటారా? చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను తరగతిలో పద్యం రాగయుక్తంగా పాడేవాణ్ణి. మనుచరిత్ర పాఠమంటే పక్క తరగతి పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడేవారు. ఆరేళ్ళ కిందట గొంతులో కాయలు లేచాయి. "మాట్లాడండి, ఫర్వాలేదు. పాడటం మాత్రం మానెయ్యండి" అన్నాడు డాక్టరు. అప్పటినుంచి పద్యాన్ని వచనంలా మెల్లగా చదువుతున్నాను. ఒక్కొక్క మాట దగ్గర ఆగి, ఆ మాట అక్కడెందుకు కూర్చుందో చెబుతున్నాను. పాడే రోజుల్లో రాగం నన్ను ఆగనిచ్చేది కాదు.

పోయిన సంక్రాంతికి పాత విద్యార్థులు కాలేజీలో కలుసుకున్నారు. పద్యం పాడమన్నారు. నేను చదివాను. మర్యాదకు చప్పట్లు కొట్టారు. ఒకతను దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఆ గొంతు ఏదండీ?" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు. నాకు కోపం రాలేదు. అతను వెతుక్కుంటున్నది నా గొంతును కాదు. ఆ గుమ్మంలో నిలబడ్డ తన పద్దెనిమిదో యేడును. అది నా దగ్గర లేదని ఎలా చెప్పను?

లండను మిత్రులు తెలివైనవారు. 2007 నుంచి తమ పాత భండారాన్ని పాత పేరుతోనే సంపుటాలుగా విడుదల చేశారు. కలల పాటలకు ఆ రెండో పేరు ఉంచుకున్నారు. మా తమ్ముడు శాంతించాడు. నాకు ఆ సదుపాయం లేదు. కాలేజీ రిజిస్టరులో నాకున్నది ఒకటే పేరు. రేపు మొదటి పీరియడు మళ్ళీ మనుచరిత్రే. గుమ్మంలో ఎవరూ నిలబడరు. బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళకు మాత్రం ఒక్కొక్క మాటే విప్పి చూపిస్తాను.