హాక్నీ నుండి డార్టుఫర్డు వఱకు

లండను నగరమును జూచి వచ్చినవారు వ్రాయు వ్యాసములయందు రాజభవనములును, థేమ్సునదిపై వంతెనలును, వస్తుప్రదర్శనశాలలును దఱచుగ వర్ణింపబడుచుండును. వానిని మేమును జూచితిమి. కాని యిచ్చట విన్నవింపదలచినది వానిని గూర్చి కాదు. 2023వ సంవత్సరపు దసరా సెలవులలో మేము చూచిన రెండు సామాన్య స్థలములను గూర్చియు, ఆ రెంటిని గలుపు నొక పాటల సంపుటమును గూర్చియు మాత్రమే వ్రాయుచున్నాము. ఒకటి లండను తూర్పుభాగమునందలి హాక్నీ. రెండవది నగరమధ్యమునకు ఆగ్నేయముగ సుమారు 18 మైళ్ల దూరమున, కెంటు ప్రాంతములోనున్న డార్టుఫర్డు.

మా మరిది లండనులో నుద్యోగము చేయుచు కాపురముండుటచే, బడికి సెలవు లిచ్చినంతనే మా వారును, మేమును, అత్తగారును గలసి ప్రయాణమైతిమి. అత్తగారికి చిన్నకొడుకును, మనుమనిని జూచుట ముఖ్యము. మాకు మఱియొక యాశయు గలదు. మేము చిన్ననాటినుండి వినుచున్న రోలింగ్ స్టోన్సు అను గాయకబృందమువారి క్రొత్త యాల్బము, మే మచ్చట నుండగనే, అక్టోబరు 20వ తేదీన వెలువడనుండెను.

ఈ బృందమువారు 1962 జూలై 12వ తేదీన లండనులోని మార్కీ క్లబ్బులో ఈ పేరుతో మొదటి కచేరి చేసిరి. వీరి సంగీతమును రాక్ అందురు. విద్యుత్తుతో మ్రోగు గిటారును, గుండెదడవలె విడువక సాగు డ్రమ్ములును దానికి ప్రాణము. దాని తల్లివేరు మాత్రము అమెరికాలో నల్లజాతివారు ప్రత్తిచేలలో కష్టించుచు పాడుకొనిన బ్లూస్ పాటలయందున్నది. మాకు పండ్రెండవయేడు నడచుచుండగా, ఓడలో పనిచేయు మేనమామ వీరి క్యాసెట్టులను దెచ్చి యిచ్చెను. ఉదయము నాన్నగారు వసుచరిత్రము చెప్పెడివారు. సాయంకాలము మేము క్యాసెట్టు పెట్టుకొనెడివారము. పద్యమున కర్థము తెలియకమునుపే దాని నడక చెవికింపగునని వసుచరిత్రమువలన నెఱిగినవారమగుటచే, ఇంగ్లీషు చాలని ఆ వయసున సైతము ఆ పాటలు మాకు పరాయివిగ దోచలేదు.

ఎన్నియో యేండ్లుగ నభిమానించినవారికి క్రొత్త సంపుటమనగా సంతోషముతోబాటు భయమును గలుగును. వీరు స్వయముగ గట్టిన పాటలతో సంపుటము వెలువరించి అప్పటికి 18 ఏండ్లయినది. 2005లో వచ్చిన దాని పిమ్మట, 2016లో నితరుల బ్లూస్ పాటలనే పాడిరి. 1963నుండి డ్రమ్ములు వాయించిన చార్లీ వాట్సు 2021 ఆగస్టు 24వ తేదీన, 80 ఏండ్ల వయసున, స్వర్గస్థుడయ్యెను. తాళము వేయువాడు పోయినపిమ్మట పాట నిలుచునా? గాయకుడగు మిక్ జాగరుకు 80 ఏండ్లు. గిటారు వాయించు కీత్ రిచర్డ్సునకు 80 నిండుటకు రెండు నెలలే తక్కువ. మూడవవాడగు రానీ వుడ్డునకు 76. మనము ప్రేమించిన కంఠము వణకగా వినుటకంటె వినకుండుట మేలేమో యని పలుమాఱు తలచితిమి.

సంపుటమున కిడిన పేరు "హాక్నీ డైమండ్సు", అనగా హాక్నీ వజ్రములు. అందుచే మొదట హాక్నీకే పోయితిమి. అచ్చటి మేర్ వీధిలో హాక్నీ ఎంపైరను నాటకశాల కలదు. ఫ్రాంక్ మాచమను శిల్పి నిర్మాణమున 1901లో నిది తెఱవబడెను. చార్లీ చాప్లిను అమెరికాకు బోవకమునుపు ఈ రంగస్థలముపై నాడియుండెను. 2023 సెప్టెంబరు 6వ తేదీన ఆ మువ్వురు వృద్ధులును ఈ శాలలోనే కూర్చుండి తమ క్రొత్త సంపుటమును ప్రకటించిరి. అంతకు ముందు ఆగస్టులో, ఆ పేటలోని వార్తాపత్రికలో అద్దములు బాగుచేయు దుకాణముదివలె నొక ప్రకటన వేయించి, దానిలో తమ పాటల పేర్లను దాచి చదువరులను తికమకపెట్టిరి.

ఆ వజ్రము లేవియో తెలిసికొన్నచో నవ్వు వచ్చును. దొంగలు దుకాణముల కిటికీలను, కార్ల అద్దములను బ్రద్దలుకొట్టినప్పుడు వీధిలో చెదరిపడు గాజుపెంకులకు లండను జనులు పెట్టిన వెక్కిరింతపేరది. మేము పోయిననాడు సన్నని తుంపర పడుచుండెను. బస్సు నిలుచు చోట నొక అద్దము పగిలి, పెంకులు తడిసి దీపపువెలుగున మిలమిలలాడుచుండెను. పేరుయొక్క యర్థమును మా వారు చెప్పగా అత్తగారు చీరె కుచ్చెళ్లు పైకెత్తి పట్టుకొని, "వజ్రాలా ఇవి? కాల్లో గుచ్చుకుంటే తెలుస్తుంది మీ వజ్రాల సంగతి!" అనిరి. ఆ సంపుటమునకు వ్యాఖ్యానము వ్రాసినవారిలో నింత క్లుప్తముగ చెప్పినవారిని మేము చూడలేదు. పగిలినదానియందును మెఱపున్నది, మెఱపున్నను గుచ్చుకొనుట మానదు.

20వ తేదీ శుక్రవారమును, మూలానక్షత్రమును గలసివచ్చినవి. బెజవాడలో కనకదుర్గమ్మకు సరస్వత్యలంకారము చేయు దినమది. తోడికోడలు పుస్తకములను పీటపై పేర్చి పూజచేసి, పాయసము నైవేద్యము పెట్టినది. సాయంకాలము మరిది ఆ సంపుటమును వినిపించెను. పాటలు 12, కాలము సుమారు 48 నిమిషములు.

మాకు దోచినది దాపరికములేక చెప్పెదము. మొదటి పాటయందే జాగరు కంఠము వణకలేదు. మునుపటికంటె కొంత గరుకైనదేగాని, పదమును కొఱికి విడుచు నేర్పు చెక్కుచెదరలేదు. దీనిని కూర్చిన ఆండ్రూ వాటు వయసున వారికి మనుమనివంటివాడు. అతడు అంతటను మెఱుగు పెట్టినాడు. ఆ మెఱుగు కొన్ని పాటలకు శోభ నిచ్చినది. కొన్నిట మాత్రము, ఆకురాతితో నంతగా రుద్దిన రాగిచెంబువలె, పాతదనపు జాడ చెఱిగిపోయినది. 1972నాటి సంపుటములో నొకరి వాద్యముపై నొకరిది పడి దొర్లు సందడి యెంతో సొంపు. అది యిందు తక్కువ. రెండు మూడు పాటలు వారి పాతపాటల నీడలే. పాల్ మెకార్ట్నీ, ఎల్టన్ జాన్ వంటి మహామహులు వాద్యములు పట్టిరి గాని, ఆ పేర్ల గొప్పతోడనే పాట గొప్పది కాదుగదా.

కీత్ ఒక్కడు పాడిన పాటయొక్కటి కలదు. కీళ్లవాతముచే తన వ్రేళ్ల నడక మాఱినదనియు, అందువలన వాయించుటలో క్రొత్తదారులు దొరకినవనియు నతడు చెప్పియున్నాడు. ఆ పాటలో తొందర లేదు, ఆడంబరము లేదు. "స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్" అను దీర్ఘమైన పాటలో స్టీవీ వండరు వాద్యమును, లేడీ గాగా యను యువతి గాత్రమును జాగరుతో గలసినవి. ఏడు నిమిషములకు మించిన యా పాట ముగిసినట్లే ముగిసి మరల లేచును. ఆ యువతి పై స్థాయి కెక్కగా వృద్ధుడు వెనుదీయక, ఆమె కడ్డుపడక, ప్రక్కనే నడచును. పెద్దవారు చిన్నవారితో పాడవలసిన రీతి యిదియే యని మాకు దోచినది.

అంతలో అత్తగారు పెట్టెమీది వారి చిత్రమును జూచి, "నలుగురన్నావు గదమ్మా, ముగ్గురే ఉన్నారేం? మద్దెలాయన ఏడీ?" అని యడిగిరి. ఆయన పోయినాడని చెప్పితిమి. కాని యిందు రెండు పాటలలో ఆయన చేతి తాళమే యున్నది. 2019లో వాయించి యుంచినదానిని వారు భద్రపఱచి వాడిరి. ఆ రెంటిలో నొకదానికి, 1993లో బృందమును విడిచిన బిల్ వైమను వచ్చి, పాత జతకానితో మరల వాయించెను. తక్కినవానిలో డ్రమ్ములు స్టీవ్ జోర్డానువి. తనచోట నతనిని దీసికొమ్మని చార్లీయే చెప్పియుండెనట. అత్తగారు సాంతముగ విని, "పోతూ పోతూ చోటు ఎవరికివ్వాలో చెప్పి పోయాడన్నమాట" అనిరి. పిమ్మట చాలసేపు మాటాడలేదు. మామగారు పోయి అప్పటికి ఐదేండ్లు.

కడపటి పాట వచ్చునప్పటికి గది నిశ్శబ్దమయ్యెను. డ్రమ్ములు లేవు, అతిథులు లేరు. జాగరు గాత్రము, అతని హార్మోనికా, కీత్ గిటారు, అంతియే. అది మడ్డీ వాటర్సు 1950లో పాడిన బ్లూస్ పాట. ఈ బృందమునకు పేరు వచ్చినది ఆ పాటనుండియే. అఱువదియేండ్లు లోకమంతయు దిరిగి, తుదకు తమ పేరుపుట్టిన పాట నిరువురే కూర్చుండి పాడిరి. ఆ పాట వినిన పిమ్మట డార్టుఫర్డు చూడక తిరిగివచ్చుట మావలన కాలేదు.

మఱునాడు లండను బ్రిడ్జి స్టేషనులో రైలెక్కి గంటలోపల డార్టుఫర్డు చేరితిమి. డారెంటు నదియొడ్డున నది సాధారణమైన యూరు. స్టేషనులో రెండవ ప్లాట్‌ఫారము గోడకు నీలిరంగు ఫలకమొకటి గలదు. 1961 అక్టోబరు 17వ తేదీ యుదయమున కళాశాలకు బోవుచున్న ఇరువురు బాలురు ఇచ్చట కలిసికొనిరి. చిన్నబడిలో నెఱిగినవారే, నడుమ విడిపోయిరి. జాగరు చంకలో చికాగోనుండి తపాలాలో దెప్పించుకొనిన రికార్డులున్నవి. వానిలో నొకటి చక్ బెర్రీది. ఒకటి మడ్డీ వాటర్సుది. వానిని జూచి కీత్ పలుకరించెను. ముందునాడు మేము వినిన కడపటి పాట ఆ చంకలోని రికార్డు పాడినవానిదే.

2015లో ఈ ఫలకమును పెట్టినప్పుడు, బృందమును స్థాపించినవా రీ యిరువురే యన్నట్లు వ్రాయుట తగదని వైమను ఆక్షేపించెను. స్థాపించి పేరుపెట్టినవాడు బ్రయన్ జోన్సు; అతడు 1969లో 27 ఏండ్లకే మరణించెను. న్యాయమైన మాటయే. ఊరిలో 2023 ఆగస్టున నిలిపిన యిరువురి కంచువిగ్రహములను గూడ జూచితిమి. విగ్రహములలో వారు యువకులే. కంచునకు వయసు రాదు. అందుచే మాకు విగ్రహములకంటె ఫలకమే నచ్చినది.

తిరుగురైలులో అత్తగారు, "ఎనభయ్యేళ్ల వాడు పాడితే అక్కడ ఎవరూ నవ్వరా?" అని యడిగిరి. "డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని వింటారు, అత్తయ్యగారూ" అంటిమి. ఆమె కిటికీవైపు తిరిగిరి. ఒకప్పుడు అధ్యాత్మరామాయణ కీర్తనలు పుస్తకము చూడక పాడెడి యిల్లాలు, ఒక పెండ్లిలో గొంతు జీరవోగా పడుచులు నవ్విరని, పాడుట మానివేసిరి. అది జరిగి పదేండ్లు దాటినది.

సోదరీమణులారా! సముద్రలంఘనమును గూర్చి వానరులు తలకొక మాట చెప్పుచుండగా, వృద్ధుడైన జాంబవంతుడు, "పూర్వము త్రివిక్రమునకు ప్రదక్షిణము చేసితిని, నేడు తొంబది యోజనములు మాత్రమే దాటగల"నని యుడుగక, దాచక చెప్పెను. నూఱు కావలసినచోట తొంబది చాలకపోవచ్చును. ఐనను ఆ తొంబదిని జూచి నవ్వగలవా రెవరు? ఈ సంపుటము మాకు తొంబది యోజనముల దాటుగ దోచినది. 2025 ఫిబ్రవరిలో దీనికి ఉత్తమ రాక్ ఆల్బముగ గ్రామీ బహుమాన మిచ్చిరి. ఈయకున్నను మా మాట మాఱదు.

మన యిండ్లలో అత్తలును, అమ్మమ్మలును కంఠములను దాచుకొని యున్నారు. పెండ్లిపీటలయొద్ద, నోములయొద్ద వారిని పాడుమని యడుగుడు. స్వరము పగిలినచో పగులనిండు. గాజుపెంకులయందును వెలుగు నిలుచునని హాక్నీ వీధిలో మేము కన్నులార జూచితిమి.