గాయము మాను కాలము

గెలిచినవారి కథ చెప్పుటకు నూర్గురు కలరు. గెలిచిన కొలది దినములకే కాలు విఱిగి మంచముపట్టినవారికి ప్రొద్దు ఎట్లు గడచునో చెప్పువారు మాత్రము తక్కువ. నేను అట్టి దినములను గుఱించియే నాలుగు మాటలు వ్రాయదలచితిని.

మంచు కురియు దేశములలో కాళ్లకు సన్నని పొడుగుపాటి పలకలు రెండు బిగించుకొని, కొండవాలున జాఱుచు పందెములాడుదురు. దీనిని స్కీయింగు అందురు. అందు జయింట్ స్లాలం అనునొక పందెము కలదు. వాలుపొడవున నాటిన జెండాగుంజలను తప్పక, అటునిటు వంకలు తిరుగుచు దిగవలెను. రెండు మాఱులు దిగుటకు పట్టిన కాలమును కూడుదురు. సెకనులో నూఱవవంతు తేడాతో గెలుపోటములు తేలుటయు కలదు. అక్టోబరు చివర మొదలగు ప్రపంచ కప్పు పందెములు మార్చి నెలాఖరుకు ముగియును.

ఇటలీ దేశపు ఫెదెరికా బ్రిన్యోనే ఈ విద్యలో ఆరితేఱిన వనిత. ఆమె తల్లి మరియా రోజా క్వారియో తన కాలమున ప్రపంచ కప్పు పందెములను నాలుగు మాఱులు గెలిచి, పిమ్మట పత్రికా రచయిత్రి యయ్యెను. తమ్ముడు దావిదే అక్కకు శిక్షకుడు. 2020వ సంవత్సరమున ప్రపంచ కప్పు మొత్తపు విజేతగా నిలిచి, ఇటలీ స్త్రీలలో ఆ గౌరవము తొలుత పొందినది ఫెదెరికాయే. 2024-25 పందెములలో, 34 ఏండ్ల వయసున, పది విజయములతో ఆ కప్పును మఱల గెలుచుకొనెను. కప్పులు ఇల్లు చేరినవి. ఇక మిగిలినవి స్వదేశపు పందెములు మాత్రమే. 2025 ఏప్రిల్ 3వ తేదీన ఫాస్సా లోయలో జరిగిన ఇటలీ జాతీయ పందెములలో ఆమె పడిపోయెను. ఎడమకాలి ఎముకలు పలుచోట్ల విఱిగినవి. మోకాలిలోని స్నాయువొకటి తెగినది. మిలాను నగరమున శస్త్రచికిత్స జరిగెను.

మన పిక్కయెముక పైభాగము పీటవలె చదునుగా నుండును. తొడయెముక ఆ పీటమీదనే కూర్చుండును. పీట పగిలినచో దానిని కూర్చి మరలతో బిగింపవలెను. అది గట్టిపడువఱకు కాలిమీద బరువు మోపరాదు. ఇక మోకాలి నడుమనుండు స్నాయువు, పిక్కయెముక ముందునకు జాఱకుండ పట్టియుంచు పగ్గము వంటిది. అది పూర్తిగా తెగినచో తనంత తాను అతుకుట అరుదు. తఱచుగా రోగి శరీరమునందే వేఱొకచోటినుండి తీసిన నరమును దాని స్థానమున నాటుదురు. ఆ నాటినది బలపడుటకు మాసములు పట్టును. ఈలోపల పని లేక తొడకండ కరగిపోవును. అందుచేత వైద్యుని కత్తి ఒక పూటలో ముగించిన పనికి, రోగి తన చెమటతో నెలలతరబడి వెల చెల్లింపవలసియుండును.

ఆ యేడు శ్రావణమాసమున మా దొడ్డిలో బావిగట్టున పాచిమీద కాలుజాఱి నాకును మోకాలివద్ద ఎముక చిట్లెను. కట్టు విప్పిననాడు నా కాలిని నేనే పోల్చుకొనలేకపోతిని. తొడ చిక్కిపోయెను, మోకాలు కొయ్యవలె బిగిసికొనిపోయెను. "ఈ రెండు మూడు నెలలలో వంచుట సాధింపకున్న, ఇక పీటమీద కూర్చుండుట కల్ల" అని వైద్యుడు ఖండితముగా చెప్పెను. చూడవచ్చిన పొరుగింటి ఇల్లాలో, "కట్టు విప్పిరిగదా వదినా, ఇంకను మంచమేనా?" అనెను. ఆమె చెడ్డది కాదు. లోకము మాట ఆమె నోట వచ్చినది. ఇంటిపనికి లేచినచో కాలు వాచుచుండెను. లేవకున్న మనసు గుచ్చుకొనుచుండెను.

ఆటలయందు మక్కువగల మా అమ్మాయి అప్పుడు నాకు బ్రిన్యోనే కథ చెప్పెను. "అమ్మా, ప్రతిదినము గంటలకొలది కాలు వంచుటయు, చాచుటయు, కండ పెంచుటయు ఆమెకిప్పుడు ఉద్యోగము. ఆమెను సోమరి యనువారు లేరు. నీకు మాత్రము అది పని యేల కాకూడదు?" అనెను. ఆ మాట నా హృదయమునకు తగిలెను. మఱునాటినుండి ఉదయమొక గంట, సాయంకాలమొక గంట కాలికే కేటాయించితిని. ఉదయపు కాఫీ, కూరగాయలు తరుగుట మావారు కైకొనిరి. తొలుత మౌనముగానున్న మా అత్తగారు నాలుగవనాడు నాప్రక్కన చేరి, జపమాల పూసలు త్రిప్పుచు నా వంపులు లెక్కింప మొదలిడిరి. "ఇరువదియే అయినవమ్మా, ఇంకను పది" అని ఆమె హెచ్చరించుచుండగా బాధలోను నవ్వు వచ్చుచుండెడిది. దీపావళినాటికి చిన్నపీటమీద, గోడ పట్టుకొని, కూర్చుండగల్గితిని.

బ్రిన్యోనే పడిన 292 దినములకు, 2026 జనవరి 20న, క్రోన్‌ప్లాట్స్ కొండమీద మఱల పందెమున దిగి ఆఱవ స్థానము పొందెను. ఫిబ్రవరిలో కొర్తీనాలో జరిగిన ఒలింపిక్ పందెములలో రెండు స్వర్ణపతకములు గెలిచెను. విని సంతోషించితిని. అయినను ఈ కథను ఆ బంగారముకొఱకు నేను చెప్పుటలేదు. నొప్పి తనను విడువలేదని ఆమెయే దాచక చెప్పెను. అట్టి గాయముతో మఱల పందెమునకు రాలేకపోయిన క్రీడాకారిణులు ఎందఱో కలరు. వారి శ్రమ తక్కువది కాదు. నడువగల్గుట, మెట్లెక్కగల్గుట, బిడ్డను ఒడిలోనికి తీసికొనగల్గుట, ఇవియు గెలుపులే.

మన యిండ్లలో స్త్రీ జబ్బుపడినచో, మంచము దిగిననాడే వ్యాధి తీఱినట్లు లెక్కింతురు. ప్రసవమైన తల్లికైనను, శస్త్రచికిత్స జరిగిన అత్తగారికైనను ఇదే లెక్క. కాని శరీరము తన నష్టమును పూరించుకొను కాలము సోమరితనము కాదు. అదియు ఇంటిపనులలో నొకటి. వైద్యుడు విధించిన గంటను పొయ్యికిగాని, చుట్టములకుగాని ఇచ్చివేయకుడు. ఇంటిలో వేఱొకరు మంచమునుండి లేచుచున్నచో, "ఇంకను ఎన్నాళ్లు?" అని అడుగుటకు మాఱుగా, ప్రక్కన కూర్చుండి పూసలు లెక్కింపుడు.