సులేమానియాలో తొలి జుహ్ర్

జహీరాబాదు నుండి మదరసా విద్యార్థులతో ఇస్తాంబూల్ చేరిన తొలి రాత్రి, మూడు గంటలకే మాకు మెలకువ వచ్చింది. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. శీతకాలమైనందున ఫజ్ర్‌కు ఇంకా చాలా సమయముంది. శరీరం మాత్రం మన ఊరి వేళనే పాటించింది.

పగలు, వాస్తుశిల్పి సినాన్ 1557లో పూర్తిచేసిన సులేమానియా మస్జిదులో, సుమారు 53 మీటర్ల ఎత్తున్న గుమ్మటాన్ని గురించి వివరిస్తూ స్తంభాన్ని ఆనుకొని నిద్రపోయాము. ఇకామత్ విని లేచి వరుసలోకి నడవబోగా, అందరిలో చిన్నవాడు మా చేయి పట్టుకొని, "ఉస్తాద్, మీ వుజూ..." అని తల దించుకున్నాడు. ఆ మసలా నేర్పినదీ మేమే, అందులో తడబడినందుకు వానిని అందరి ముందు నిలబెట్టినదీ మేమే.

ప్రాంగణం ప్రక్కన కుళాయిల నీరు మంచువలె ఉంది. వాడు మా కోటు పట్టుకొని నిలిచాడు. జమాఅత్‌లో ఇద్దరికీ చివరి రకాత్ మాత్రమే దక్కింది.