మట్టి కప్పిన కర్మ

సికింద్రాబాదు మారేడుపల్లిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పెరటి రేకుల షెడ్డును పారాయణ మందిరంగా మలచుకొని, దానికి భూగర్భమార్గాన విద్యుత్తును తీసుకొనిపోదలచారు. మూరెడు లోతు తవ్వగానే దక్కను శిల అడ్డుపడింది. "చాలు సార్, మట్టి గప్పినంక ఎవరు జూస్తరు?" అన్నాడు కూలీ.

భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 1255 ఇంటి వోల్టేజి కేబులుకు కనీసం 75 సెంటీమీటర్ల లోతును విధిస్తున్నది. అయినా ఆయనను ఆపినది ఆ ప్రశ్నయే. పృథివిలో ఉంటూ, పృథివికి తెలియకుండా దానిని నియమించే అంతర్యామిని గూర్చి బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు ఉద్దాలకునికి బోధించాడు. ఆ సాక్షి చూస్తాడు. ఏనాడో మొక్క నాటుటకు అక్కడే గునపం దించబోయే అమాయకుడు మాత్రం చూడలేడు. వాని ప్రాణం ఈ లోతుపైననే ఆధారపడి ఉన్నది.

మరి రెండు దినములు శిలాఖండనం సాగింది. అడుగున ఇసుక, దానిపై ఉక్కుకవచం గల ఆర్మర్డ్ కేబులు, మరల ఇసుక, గునపానికి ముందుగా తగిలేలా ఇటుకల వరుస అమరాయి. కవచాన్ని ఎర్తింగుకు కలిపి కందకం పూడ్చారు.

సాయంసంధ్యలో షెడ్డులో దీపం వెలిగింది. వచ్చినవారు కాంతిని ప్రశంసించారు. కందకాన్ని గూర్చి ఎవరూ అడుగలేదు. ఆయనా చెప్పలేదు. ఫలాపేక్ష లేని కర్మ ఆనాడు ఆయనకు గ్రంథవాక్యంగా కాక అనుభవంగా తెలిసింది.