ఒక్క గీత

మా నాన్న టైల్స్ మేస్త్రి. సెలవుల్లో ఇంటికెళ్తే హెల్పర్‌ని నేనే.

పోర్సిలీన్ టైల్ తన బరువులో 0.5 శాతం నీళ్లు కూడా పీల్చుకోదు, అంత గట్టిది. దాన్ని కరెంటు లేకుండా కోసేది చేతి కట్టర్: రెండు పట్టాలు, ఒక హ్యాండిల్, దాని కింద చొక్కా గుండీ అంత టంగ్‌స్టన్ కార్బైడ్ చక్రం.

నిజానికి అది కొయ్యదు, గీత గీస్తుంది. తర్వాత హ్యాండిల్ నొక్కితే టైల్ ఆ గీత వెంబడే టక్కున విరుగుతుంది. గీత ఒక్కసారే, ఈ చివర నుంచి ఆ చివరికి, ఒకే ఒత్తిడితో. రెండోసారి గీస్తే పగులు పక్కకి పోవచ్చు. ఇక్కడ కంట్రోల్ జెడ్ లేదు. కర్ర్‌మనే శబ్దం మధ్యలో తెగుతుంటే చక్రం అరిగినట్టే, మార్చాలి. సాయంత్రం పట్టాల మీది దుమ్ము తుడిచి, చక్రం ఇరుసుకి చుక్క ఆయిల్ వెయ్యడం నా పని.

ఎల్ ఆకారంలో కొయ్యాలంటే మాత్రం మార్బుల్ కట్టర్ పట్టాల్సిందే. దాన్నుంచి లేచే తెల్లదుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. వచ్చాక నయం చేసే మందు లేదు. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే ఆగే దుమ్ము కాదది.

నాన్న రాత్రిళ్లు దగ్గుతాడు. హాస్పిటల్‌కి రమ్మంటే "పనుందిరా" అంటాడు. తిన్నటి కోతలన్నీ చేతి కట్టర్‌తోనే కొయ్యి, మిగతావాటికి నీళ్లు పోస్తూ మాస్క్ పెట్టుకో అని పోరుతున్నా. "టైమ్ పడుతుందిరా" అంటాడు.

పట్టనీ నాన్నా. ఈసారి కొత్త చక్రం, మంచి మాస్క్ రెండూ తెస్తున్నా.